రెండింటి నుంచి మూడింటి దాకా

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. ఇత్తడిదాన్ని, బొగ్గుల మీద బతికేదాన్ని. బొగ్గులు లేనప్పుడు ఆరున్నర కిలోలు తూగుతాను. నా మూత మీద ఒక కోడిపుంజు బొమ్మ ఉంటుంది. దాని మెడ పట్టుకుని తిప్పితే నా నోరు తెరుచుకుంటుంది. తెరిస్తే లోపల నిప్పులే. అందుకే కాబోలు, నా మాట ఎవరికీ రుచించదు.

ముందు నా గొడవ చెప్పుకోనివ్వండి. నా గొడవంతా తులసి టవర్స్ మూడో అంతస్తులో ఉండే భాస్కరానందం గారి మీద. ఎక్కడో సూపర్వైజరుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. పదకొండేళ్లు ఆయన చొక్కాలు నేను తోమాను. కాలరు అట్టముక్కలా నిలబడాలి, చేతుల మీద గీత కత్తిలా ఉండాలి. ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. పోనివ్వండి, ముడత లేని చొక్కా తొడుక్కుని నుదురు ముడిచి తిరిగే మనుషులు నాకు కొత్త కాదు. కానీ నడివీధిలో పదిమంది ముందు నన్ను వేలెత్తి చూపించి, "ఇదిగో, దీంతోనే కాల్చాడు సొంత కూతుర్ని" అన్నాడు చూశారూ, ఆ మాట నా అడుగున పట్టిన మసిలాగ ఇంకా వదల్లేదు. ఇత్తడి ముక్క కోర్టుకెక్కలేదు కనక జరిగింది జరిగినట్టు మీకే చెప్తాను.

నేను పుట్టింది అజ్జరంలో, పోతపనివాళ్ల కొలిమి దగ్గర. పగిలిన గంటలు, అడుగు ఊడిన బిందెలు, మూత పోయిన మరచెంబులు కరిగించి మట్టి అచ్చులో పోశారు. అంటే నాకంటూ కొత్త ఒళ్లు లేదు, పది ఇళ్ల పాత సామానే నేను. మొదట నన్ను కొన్నది కాకినాడ మెయిన్ రోడ్డులో కోట్లు కుట్టే మస్తాన్ సాయిబు. మెత్తని చెయ్యి ఆయనది. కరెంటు పెట్టె కొన్నాక నన్ను అటక ఎక్కించాడు. నాలుగేళ్లు సాలీళ్లను సాకాను. ఆ తరవాత గవరయ్య వచ్చి, బేరమాడి, గోనెసంచిలో వేసుకుని తీసుకుపోయాడు.

గవరయ్యది తాతల నాటి నుంచి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఇల్లు. ఆయనకు చేతులు వణికే జబ్బు వచ్చింది. కొడుకు నూకరాజును ఆరో తరగతిలో బడి మాన్పించి నా పిడి వాడి చేతిలో పెట్టాడు. ఆ సంగతి నూకరాజు, తండ్రి పోయేదాకా మరిచిపోలేదు, పోయాకా మరిచిపోలేదు. బడి మానేసిన కొత్తలో, బట్టలు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత పేపర్లన్నీ అక్షరం వదలకుండా చదివేవాడు. పైకి చదివేవాడు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ అలా వచ్చినవే. అందుకని నా మాటల్లో కొంత పేపరు భాష, కొంత వీధి భాష ఉంటుంది, సర్దుకోండి.

గవరయ్య కొడుక్కి నేర్పింది రెండే పాఠాలు.

మొదటిది: "సేతిలో పెట్టె ఉన్నప్పుడు ఎవరు పిల్సినా తలకాయ తిప్పు, ఒళ్లు తిప్పకు." ఒళ్లు తిరిగితే చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగితే నేను తిరుగుతాను. నా ముక్కు ఎవరికి తగులుతుందో నాకే తెలియదు.

రెండోది మూట ముడి. మాసిన బట్టలు దుప్పట్లో కట్టి పైన వేసే ముడి ఎంత బరువు పెట్టినా జారకూడదు. కానీ కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడి రావాలి. రోజుకు ముప్పై మూటలు విప్పేవాడికి గోళ్లతో పీక్కుంటూ కూర్చునే తీరిక ఎక్కడిది? నూకరాజుకు ఆ ముడి తప్ప వేరే ముడి రాదు. దోమతెర కట్టినా అదే, బండి మీద గొడుగు కట్టినా అదే, కూరగాయల సంచి మూతి కట్టినా అదే. ఆలోచించి వేసేది కాదు, చెయ్యి దానంతట అదే వేసేస్తుంది.

నూకరాజుకు లోవతల్లితో పెళ్లయింది. తొమ్మిదేళ్లకు పిల్ల పుట్టింది. నానమ్మ పేరు కలిపి నూకరత్నం అని పెట్టుకున్నారు, పిలిచేది రత్నం. రెండేళ్లు నిండినా "అమ్మా" అనలేదు. పిలిస్తే తిరిగి చూడదు. పంపు కింద నీళ్లధార పడుతుంటే మాత్రం కదలకుండా చూస్తూ నిలబడుతుంది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది. "మందేంటండి?" అని నూకరాజు అడిగితే, "మందు లేదయ్యా, ఓపిక పట్టాలి" అందిట. ఆ ఓపిక ఏ షాపులో దొరుకుతుందో చీటీ మీద రాయలేదు.

ఇప్పుడు రత్నానికి తొమ్మిదేళ్లు. మునివేళ్ల మీద నడుస్తుంది. లారీ హారను మోగితే చెవులు మూసుకుని తన మణికట్టు తనే కొరుక్కుంటుంది. అప్పుడే ఇస్త్రీ చేసిన దొంతర మీద చెంప ఆనించి కళ్లు మూసుకోవడం ఆ పిల్లకు మహా ఇష్టం. ఆ వెచ్చదనం నాదే కనక నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది. చొక్కా మీద చొంగ మరక చూసి జనం గోల పెట్టేవారు. నూకరాజు ఆ చొక్కాను మళ్లీ తడిపి, మళ్లీ తోమేవాడు.

లోవతల్లి బళ్లో మధ్యాహ్నం భోజనం వండుతుంది. పొద్దున్నే వెళ్తే రెండింటికి గాని రాదు. రత్నాన్ని కొన్నాళ్లు బడికి పంపారు. బడివాళ్లు పంపొద్దనలేదు. "వచ్చి తీసుకెళ్లండి" అని రోజూ కబురు చేశారు, అంతే. దాంతో పొద్దుటి నుంచి రెండింటి దాకా పిల్ల మా బండి దగ్గరే. తులసి టవర్స్ గేటుకు ఎడంపక్క బాదం చెట్టు, చెట్టు కింద నాలుగు చక్రాల బండి, బండి మీద నేను, బండి కింద రత్నం. రెండున్నర గజాల అవతల రోడ్డు.

మనిషి మనసులో ఏముందో నాకు కనపడదు. నాకు తెలిసింది పిడి పట్టుకున్న చెయ్యి. నూకరాజు చెయ్యి ముప్పై నాలుగేళ్లుగా నాకు తెలుసు. సరదాగా ఉంటే పిడి మీద వేళ్లు వదులుగా ఉండేవి, నేను గుడ్డ మీద నావలా పోయేదాన్ని. ఈ మూడు నాలుగేళ్లలో ఆ వేళ్లు బిగుసుకుంటూ వచ్చాయి. పిడి చెమటతో జారేది. అవసరం లేని చోట నొక్కేవాడు. గుండీలు చిట్లేవి. నా వేడి చూడటానికి నీళ్ల చుక్క చిలకరించి "చుయ్" మనే దాకా ఆగడం అనేది ఉంది, అది మానేశాడు. రాత్రిళ్లు పిల్ల నిద్రపోదు, వీళ్లిద్దరూ పోరు. పొద్దున లోవతల్లి "నిన్న నువ్వు సూడలేదు" అంటుంది, వాడు "మొన్న నువ్వు సూడలేదు" అంటాడు. ఆ మాటల మధ్య పిల్ల మణికట్టు కొరుక్కుంటూ ఉంటుంది.

ఒకసారి చుట్టే పేపర్లో 'ఒత్తిడిని జయించండి' అని పెద్ద వ్యాసం కనపడింది. నూకరాజు అలవాటు కొద్దీ పైకి చదివాడు. పచ్చగడ్డి మీద నడవాలిట. ఒంటికి నూనె మర్దనా చేయించుకోవాలిట. వారాంతంలో కొండ ప్రాంతాలకు వెళ్లాలిట.

"ఏవే లోవా, ఏ కొండకెల్దాం?" అన్నాడు.

"తలుపులమ్మ కొండకెల్దాం. మొక్కు బాకీ ఉంది" అంది లోవతల్లి.

ఆ వ్యాసంలో భాస్కరానందం గారి లుంగీలు చుట్టి పంపించారు.

పిల్లను కట్టెయ్యడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒకసారి కాలవ దాకా వెళ్లిపోయింది, కొబ్బరిబోండాల వాడు పట్టుకొచ్చి అప్పగించాడు. ఆ మర్నాటి నుంచే అనుకుంటాను. లోవతల్లి పాత నూలుచీర చించి, రెండు బారల పట్టీ చేసి, ఒక కొస పిల్ల నడుముకు, ఒక కొస బండి చక్రానికి. మొదటిరోజు కట్టాక నూకరాజు చాలాసేపు నన్ను చేతిలోకి తీసుకోలేదు. రెండోరోజు వెంటనే తీసుకున్నాడు. మనుషులు దేనికైనా అలవాటు పడటానికి ఒక్కరోజు చాలు.

అది మాఘమాసం, పెళ్లిళ్ల ముమ్మరం. పొద్దున పదకొండు. బండి మీద ఎనభై బట్టలు. నూకరాజు నాలుగు రోజులుగా సరిగ్గా పడుకోలేదు. నా కడుపు నిండా కొబ్బరిచిప్పల బొగ్గులు భగభగలాడుతున్నాయి. భాస్కరానందం గారు గేటు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతూ మధ్యమధ్య వీడి మీద అరుస్తున్నాడు.

"ఒరేయ్ రాజూ, నా పట్టు పంచె ఏదిరా? పన్నెండింటికి ముహూర్తం."

"అయిపోయిందండి, ఇదేనండి, సేత్తన్నానండి."

అప్పుడే రోడ్డు అవతల మున్సిపాలిటీ నీళ్ల టాంకరు ఆగింది. దాని వెనక పంపు నుంచి సన్నగా ధార కారుతోంది. రత్నం లేచి నిలబడింది. నడుము దగ్గర ముడి కొస పట్టుకుంది. ఒక్క లాగు లాగింది. పట్టీ కాళ్ల మీద పడింది. మునివేళ్ల మీద రోడ్డెక్కింది. ఇటు నుంచి బస్సు వస్తోంది.

నూకరాజు చూశాడు. తలకాయ తిప్పలేదు, ఒళ్లు తిప్పాడు.

రెండంగల్లో అందుకుని, ఎడంచేత్తో పిల్ల భుజం పట్టి వెనక్కి గుంజాడు. కుడిచెయ్యి దానితోపాటు తిరిగింది. ఆ చేతిలో నేనున్నాను. నా ముక్కు రత్నం ఎడమ మోచేతి కింద తగిలింది. రెప్పపాటు. బస్సు వెళ్లిపోయింది. పిల్ల అరవలేదు, రెండో మణికట్టు నోట్లో పెట్టుకుంది. నన్ను రోడ్డు మీద పారేశాడు. నా కోడిపుంజు తురాయి విరిగింది, నిప్పులు చెల్లాచెదురయ్యాయి. చిలకరించే చెంబులో నీళ్లన్నీ పిల్ల చేతి మీద పోస్తూ, వాడు ఏవేవో శబ్దాలు చేశాడు. మాటలు కావు.

భాస్కరానందం గారు ఫోను దించి ఇటు తిరిగేసరికి ఇదంతా అయిపోయింది. ఆయనకు కనపడింది ఒకటే: తండ్రి పిల్లను గట్టిగా పట్టుకుని ఉన్నాడు, పిల్ల చేతి మీద బొబ్బ, రోడ్డు మీద నేను, చక్రానికి వేలాడుతున్న పట్టీ. న్యాయంగా చెప్పాలంటే, ఆయన నిలబడ్డ చోట ఎవరు నిలబడినా అలాగే అనుకుంటారు. కానీ అడగొచ్చు కదా. అడగలేదు. నన్ను చూపించి ఆ మాటన్నాడు. పిల్లల సంరక్షణ ఆఫీసుకు ఫోను చేసింది కూడా ఆయనే. పంచె వేరేది కట్టుకుని ముహూర్తానికి మాత్రం వేళకే వెళ్లాడు.

మూడోరోజు ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. కస్తూరి అని పేరు. నూలుచీర, చేతిసంచి, సంచిలో ఫైలు. బండి దగ్గర రెండు స్టూళ్లు వేశారు. లోవతల్లి పనికి సెలవు పెట్టి, పిల్లను ఒళ్లో బిగించి పట్టుకుని కూర్చుంది. చేతికి కట్టు. ఆరిపోయిన నేను బండి మీద.

"నూకరాజు గారూ, పాపను కట్టింది ఎవరు?"

వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచిందేమోనని. ఆ వీధిలో వాడిని గారూ అన్నవాళ్లు లేరు.

"నేనేనండి."

"విప్పింది?"

"అదేనండి. ఎలా ఇప్పిందో తెల్దండి. సొక్కా గుండీ పెట్టుకోవడం రాదండి దానికి. పూసలు గుచ్చడం నేర్పుతామని బడికెల్లినన్నాళ్లూ టీచరమ్మ సూసింది, ఒక్క పూస పట్టుకోలేదండి."

"ఏం ముడి వేశారు? వేసి చూపించండి."

నూకరాజు దిండుగలీబు ఒకటి తీసి ముడి వేసి ఆవిడకిచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి, గోరుతో గీకి, కుదరక వదిలేసింది. దాన్ని రత్నం ముందు పెట్టింది. రత్నం ఆవిడ వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. రెండు వేళ్లతో కొస పట్టుకుంది, లాగింది, ఊడింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండి."

"రోజుకెన్ని మూటలు విప్పుతారు మీరు?"

"ముప్పై ఉంటాయండి."

"పాప మీ పక్కనే ఉంటుందా?"

"ఆయ్, ఉంటాదండి."

"మరి?" అంది ఆవిడ.

నూకరాజు ఊడిన దిండుగలీబు చేతిలోకి తీసుకున్నాడు. తన వైపు ఒక్కనాడూ చూడదనుకున్న పిల్ల ఇన్నేళ్లూ తన చేతులే చూస్తోందన్న సంగతి వాడికి అప్పుడు తట్టింది. లోవతల్లికి ముందే తట్టింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ ఫైలులో ఏదో రాసుకుని అడిగింది: "మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

నూకరాజు నవ్వాడు. మంచి నవ్వు కాదు. "పేపర్లో సదివానండి. గడ్డి మీద నడవమన్నారండి. మీరూ అదే సెప్తారా?"

"నేనేమీ చెప్పట్లేదు. అడుగుతున్నాను."

బాదం ఆకు ఒకటి నా మీద పడింది.

"ఒక్కోసారండి," అన్నాడు నూకరాజు, నేల చూస్తూ, "ఏ బస్సన్నా గుద్దేత్తే బాగుణ్ణనిపిత్తదండి. నేనో అదో. ఎవరో ఒకళ్లం. అలా అనిపిచ్చిన రోజు అన్నం తినబుద్ధెయ్యదండి."

లోవతల్లి తలెత్తి మొగుణ్ణి చూసింది. తిడుతుందనుకున్నాను. "నాకూ అనిపిత్తాది మావా" అంది మెల్లిగా.

కస్తూరి గారు కలం మూసి సంచిలో పెట్టేసింది. ఆ మాటలు రాసుకోలేదు. నేను చూశాను.

తరవాత ఆవిడ చెప్పింది ఖచ్చితంగా చెప్పింది, తియ్యగా చెప్పలేదు. ఆరు వారాలు గడువు. కట్టడం అనేది ఉండకూడదు. పిల్ల నూకరాజు చేతి కింద ఉన్నంతసేపు నాలో నిప్పు ఉండకూడదు. పదకొండింటి నుంచి రెండింటి దాకా పిల్లను దివ్యాంగ పిల్లల కేంద్రంలో ఉంచుకునేలా తను మాట్లాడుతుంది, ఆ మూడు గంటల్లో ఇస్త్రీ చేసుకోవచ్చు. రెండింటికి లోవతల్లి వచ్చి పిల్లను తీసుకుంటుంది. రెండింటి నుంచి మూడింటి దాకా నూకరాజు పనీ చెయ్యకూడదు, పిల్లనూ చూడకూడదు. అలాగే సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా లోవతల్లికి. ఆరు వారాలు ఇది జరగకపోతే పిల్లను హోంలో పెట్టమని రాయాల్సి వస్తుంది.

"గంట మానేత్తే ఆ డబ్బులెవరిత్తారండి?" అన్నాడు నూకరాజు.

"ఎవరూ ఇవ్వరు" అంది ఆవిడ.

మొదటి వారం చూసి తీరాలి. రెండింటికి నాలోంచి నిప్పులు తీసి బకెట్లో పోసి, వాడు అవతలి అరుగు మీద కూర్చుని నన్నే చూసేవాడు. కాలు ఊపేవాడు. పదినిమిషాలకోసారి టైమెంతని దారిన పోయేవాళ్లను అడిగేవాడు.

"ఏంటి మావా, పెట్టె ఏమన్నా పిల్లనిత్తానందా, అలా సూత్తన్నావు?" అనేది లోవతల్లి.

"బట్టలు అలా పడున్నాయే."

"పడుంటే లేసి పారిపోతాయా? కళ్లు మూసుకో."

రెండోవారంలో ఎదురుగా ఉన్న శాఖా గ్రంథాలయం వరండా మీద నడుం వాల్చాడు. మధ్యాహ్నం అది మూసి ఉంటుంది. పేపరు ముఖం మీద వేసుకున్నాడు, చదవడానికి కాదు. ఆ పేపరు కాసేపటికి లేచి పడటం మొదలుపెట్టింది. గుర్రు రోడ్డు ఇవతలికి వినపడింది. రత్నం ఆ శబ్దం విని తల పక్కకు వంచింది. హారనుకు మూసుకునే చెవులు దానికి మూసుకోలేదు.

లోవతల్లి గంట సంగతి వేరు. మొదటిరోజు ఏం చెయ్యాలో తెలియక ఇల్లు తుడిచింది. నూకరాజు కసిరాడు. రెండోరోజు అంట్లు తోమింది. మూడోరోజు పక్కింటి అరుగు మీద కూర్చుని తలకు కొబ్బరినూనె పెట్టుకుని, చిక్కు తీసుకుని, జడ వేసుకుంది. ఆ జడ చూసి నూకరాజు, "ఎవరి పెళ్లే?" అన్నాడు. "నీదే సేత్తాను, పిల్లని సూడు" అంది.

ఇవన్నీ చెప్తున్నానని అంతా చక్కబడిందనుకోకండి. పిల్ల రాత్రి లేస్తూనే ఉంది. కొరుక్కుంటూనే ఉంది. కేంద్రంలో రెండో రోజే ఒక అద్దం పగలగొట్టింది. మొగుడూ పెళ్లాల గొడవలు ఆగలేదు, కాకపోతే గొడవ మధ్యలో ఒకరికి గంట వచ్చేసేది, లేచి వెళ్లిపోయేవారు. నాకు తెలిసింది చెయ్యి ఒక్కటే అన్నాను కదా. నాలుగో వారంలో మూడు గంటలకు నన్ను మళ్లీ పట్టుకున్నప్పుడు వేళ్లు వదులుగా ఉన్నాయి. నీళ్లు చిలకరించి, "చుయ్" మనే దాకా ఆగాడు. పొద్దున్నే నన్ను ముట్టించక ముందు మూటలన్నీ వరసగా పెట్టి, "రత్నమ్మా, రా" అనేవాడు. పిల్ల రాదు. వాడు పక్కకు తప్పుకుంటే వచ్చి, వరసగా ముప్పై ముడులూ లాగేసి, వెళ్లిపోయేది. ఎవరి మొహమూ చూసేది కాదు. వాడు వెనక నిలబడి మురిసిపోయేవాడు.

ఐదో వారం, గురువారం. రెండూ పది అయింది. నాలో నిప్పులు తీసేసి పదినిమిషాలు. లోవతల్లి బండి పక్కన కూర్చుని పిల్లకు పెరుగన్నం పెడుతోంది. భాస్కరానందం గారు వాచ్‌మన్ చేత పెద్ద మూట మోయించుకుని వచ్చాడు. సాయంత్రం ఆయన కూతురికి నిశ్చితార్థం. నలభై బట్టలు.

"ఏడీ వాడు?"

"పడుకున్నాడండి. మూడింటికి లేత్తాడు."

"పడుకోవడమేంటి? లేపు."

"లేపనండి" అంది లోవతల్లి, ముద్ద కలుపుతూ.

ఆయనే రోడ్డు దాటి వెళ్లి లేపుకొచ్చాడు. నూకరాజు చెంప మీద సిమెంటు గచ్చు గరుకు అచ్చు పడి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాలుగింటికల్లా కావాలి. ఇప్పుడే ముట్టించు."

"మూడింటికి ముట్టిత్తానండి. ఐదున్నరకి ఇంటికి తెచ్చిత్తాను."

"ఐదున్నరకి అబ్బాయి వాళ్లు వచ్చి కూర్చుంటారురా! ఒక్కరోజు నిద్ర మానేస్తే చస్తావా?"

నూకరాజు నా దగ్గరకు వచ్చాడు. అరచెయ్యి నా వీపు మీద పెట్టాడు. ఇంకా వేడిగానే ఉన్నాను. బకెట్లో నిప్పులు బూడిద కింద ఎర్రగానే ఉన్నాయి. తిరిగి పోసి నాలుగుసార్లు విసిరితే చాలు, లేచేదాన్ని. వచ్చే గురువారం కస్తూరి గారు వస్తుంది. ఈ ఒక్కరోజు తప్పితే ఆవిడకు ఎవరూ చెప్పరు. వీడు అదే లెక్క వేస్తున్నాడని చేతిని బట్టి నాకు తెలిసింది. లోవతల్లి ముద్ద పట్టుకుని ఆగిపోయింది.

"చూడు, ఆరో అంతస్తు దాకా అందరి బట్టలూ నేను చెప్తేనే నీకొస్తున్నాయి" అన్నాడు భాస్కరానందం గారు. "సందు మొదట్లో కరెంటు ఇస్త్రీ షాపు పెట్టారు. వాడు ఇంటికొచ్చి తీసుకెళ్తానంటున్నాడు. నీకు పిల్ల ఉందని ఊరుకుంటున్నాం."

నూకరాజు చెయ్యి నా మీద నుంచి తీసేశాడు.

"మూడింటికండి."

"నీ పిల్ల బాగుండాలనే కదరా ఆవేళ నేను ఫోను చేసింది! ఆ విశ్వాసం కూడా లేదా?"

"ఆయ్, ఎందుకు లేదండి. తమరు ఫోను సేత్తేనే కదండి ఈ గంట వచ్చింది. తమరి దయేనండి." నూకరాజు రెండు చేతులూ జోడించాడు. వెటకారమో నిజమో నాకే తెలియలేదు, ఆయనకేం తెలుస్తుంది? "ఎల్లొత్తానండి. ఇంకా నలభై నిమిషాలుంది."

రోడ్డు దాటి, వరండా ఎక్కి, పేపరు ముఖం మీద వేసుకున్నాడు. నిద్ర పట్టలేదు, పేపరు కదల్లేదు. అయినా లేవలేదు. భాస్కరానందం గారు వాచ్‌మన్ చేత మూట ఎత్తించుకుని సందు మొదటికి నడిచాడు. లోవతల్లి ఆగిన ముద్ద పిల్ల నోట్లో పెట్టింది.

మరుసటి గురువారం కస్తూరి గారు వచ్చింది. కేంద్రం వాళ్ల కాగితం చూసింది, రత్నం చేతి మచ్చ చూసింది, చక్రం చుట్టూ చూసింది. పిల్ల ఇంట్లోనే ఉంటుందని రాసి, సంతకం పెట్టి, ఇద్దరి చేతా పెట్టించింది. లోవతల్లి వేలిముద్ర వేయబోతే నూకరాజు ఆపి, "పేరు రాయి, వచ్చు కదా" అన్నాడు. వంకరగా రాసింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "ఆ గంట మాత్రం మానకండి" అంది. మానలేదు.

ఇప్పుడు నేను మధ్యాహ్నం పూట చల్లారతాను. యాభై ఏళ్ల బతుకులో పట్టపగలు చల్లబడటం నాకు ఇదే మొదలు. బూడిద దులిపి నన్ను ముక్కాలి మీద పెడతారు. రత్నం వచ్చి నా వీపు మీద చెంప ఆనిస్తుంది. అప్పటికి నేను గోరువెచ్చగా ఉంటాను, అంతకంటే లేదని లోవతల్లి ముందే చెయ్యి పెట్టి చూసుకుంటుంది. ఆ పిల్లకు నా మీద కోపం ఉందో లేదో నాకు తెలియదు. అడిగినా నా మాట దానికి వినపడదు, చెప్పడానికి దానికి మాట లేదు.

తులసి టవర్స్ వాళ్ల బట్టలు ఆ నిశ్చితార్థం మర్నాడు, శుక్రవారం నుంచే రాలేదు. మొత్తం పద్దెనిమిది ఇళ్లు. ఇంటికి నెలకు సగటున రెండు వందల అరవై వచ్చేది. నూకరాజు పేపరు అంచు మీద గుణించి, పైకి చదివి, ఆ పేపర్లోనే ఎవరివో దుప్పట్లు చుట్టేశాడు. నాలుగు వేల ఆరు వందల ఎనభై రూపాయలు.